నీలం మీద పిట్ట

"నీలం మీద పిట్ట కూర్చుంది."

రేణిగుంట నుంచి విదేశానికి పోయిన ఈ ఒక్క మెసేజ్ పట్టుకుని నిఘా విభాగం చీఫ్ శేషసాయి మూడు టీములను పులికాట్ పక్షుల సరస్సుకు తోలాడు. వారం రోజులుగా వాళ్లు బైనాక్యులర్స్‌తో కొంగల మీద నిఘా వేస్తున్నారు. ఏజెంట్ సుజనకు నవ్వు కూడా రాలేదు.

"టార్గెట్, తుపాను హెచ్చరికల ఉపగ్రహం," అన్నాడు శేషసాయి తిరుపతి ఆఫీసులో. "శ్రీహరికోటకు పోయేముందు రేణిగుంట ల్యాబ్‌లో వైబ్రేషన్ టెస్ట్. అక్కడ మన సోర్స్ ఉన్నాడు. కన్సల్టెంట్ హరినాథ్. జీనియస్."

"జీనియస్ ఉండగా నేనెందుకు సార్?"

"ఊడ్చడానికి. నీ కవర్ స్వీపర్."

సుజన అంతకుముందు ఆరేళ్లు వైబ్రేషన్ ఇంజనీరు. ఆ సంగతి ఫైల్లో ఉంది. శేషసాయి ఫైళ్లు చదవడు.

మర్నాడు పదింటికి ఆమె కెమెరా దాచిన మాప్ కర్రతో ల్యాబ్ తుడుస్తోంది. కుదిపి పరీక్షించే షేకర్ టేబుల్ మీద ఉపగ్రహం. పెద్ద తెర మీద దాని ప్యానెల్ మోడ్ షేప్, అంటే కంపించేటప్పుడు అది ఏ తీరున వంగుతుందో సాఫ్ట్‌వేర్ గీసిన బొమ్మ. అంచు, నడుమ ఎర్రగా ఊగుతున్నాయి. వాటి మధ్య సన్నటి నీలం గీత.

"ఎట్ల ఊగతాండాదో సూడప్పా! విరిగిపోదు కదా?" అన్నాడు మేనేజర్ రాజారత్నం.

బొమ్మలో ఊపును ఎంతైనా పెంచి చూపించవచ్చు. అది అసలు కొలత కాదు. పదిహేనేళ్లుగా మేనేజర్‌గా ఉన్నవాడికి ఆ మాత్రం తెలియదు.

సెంటు ఘుమఘుమలాడుతూ హరినాథ్ నల్ల కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఎరుపు డేంజర్. నీలం సేఫ్. అందుకే సెన్సర్‌ను నీలం మీదికి మార్పించాను."

సుజన చేతిలో కర్ర ఆగింది. నీలం అంటే క్షేమం కాదు, ఆ మోడ్‌లో కదలని చోటు. ప్యానెల్ ముక్కలవుతున్నా అక్కడి సెన్సర్‌కు తెలియదు. ఊపు మితిమీరితే మెషిన్ను ఆపాల్సింది ఆ సెన్సరే!

మెసేజ్‌లోని పిట్ట అంటే ఈ సెన్సరే. దాన్ని కూర్చోబెట్టినవాడు జీనియస్.

"యాభై హెర్ట్జ్ దాటింది సార్," అన్నాడు ఆపరేటర్ గిరి.

తెర మూలన ఆ మోడ్ ఫ్రీక్వెన్సీ: అరవై రెండు. అక్కడికి చేరితే ఊపు ఒక్కసారిగా పెరిగి ప్యానెల్ విరుగుతుంది.

"ఆపు గిరీ! సెన్సర్ కదలని చోట ఉండాది!" అరిచింది సుజన.

"ఊడ్చేదానివి, నీకేం తెలుసు?" రాజారత్నం కసిరాడు. "ఆడ నిలబడు!"

గిరి బిత్తరపోయి చూశాడు. "యాభై ఎనిమిది..."

హరినాథ్ నవ్వుతూ వెళ్లి ఎమర్జెన్సీ బటన్‌కు అడ్డంగా నిలబడ్డాడు. ఇంత మొరటుగా దొరికిపోయే గూఢచారిని సుజన ఇంతవరకు చూడలేదు.

"అరవై... అరవై ఒకటి..."

మాప్ కర్ర అతని మోకాలి మీద పడింది. మనిషి కూలాడు. సుజన అరచేతితో బటన్ చరిచింది. టేబుల్ నిశ్శబ్దమైపోయింది.

సుజన ప్యానెల్ అంచున వేరే సెన్సర్ అతికించి, చాలా తక్కువ ఊపుతో మళ్లీ నడిపించింది. అరవై రెండు దగ్గర గ్రాఫ్ నిట్టనిలువుగా లేచింది.

"నాలుగేళ్ల పని మేడమ్," అన్నాడు గిరి. "నా చేత్తోనే పగలగొట్టేవాణ్ణి."

ఆ గదిలో సుజనకు జాలి కలిగింది అతని ఒక్కడి మీదే. అతని భుజం తట్టి హరినాథ్ ఫోన్ తెరిచింది. విదేశానికి పంపిన మెసేజ్‌ను డిలీట్ కూడా చేయలేదు.

"నేను మీ మనిషినే మేడమ్!" బేడీలు పడుతుంటే హరినాథ్ ఏడుపు గొంతుతో అన్నాడు. "నేను డబుల్ ఏజెంట్‌ని. రెండు వైపులా పనిచేశాను!"

"తెలుసబ్బా," అంది సుజన. "ఒక పక్కన్నా సక్కగా చేసినావా?"