ఉడికించినా చావనిది

డిసెంబరు వచ్చిందంటే ఆ ఊళ్లో నాలుగింటికే చీకటి పడుతుంది. అమెరికా ఉత్తరపు కొసన ఉన్న సుపీరియర్ సరస్సు మీంచి వీచే గాలికి షెడ్డు రేకులు టకటకమంటున్నాయి. లోపల మాత్రం గోరువెచ్చగా ఉంది. తడి తవుడు వాసన, దాని వెనకే వాన వెలిసిన అడవి వాసన.

సిల్వి, ఆమె తమ్ముడు రేనో ఆ షెడ్డులో పెంచేది బూజుని. అడవిలో చెట్టు చచ్చిపడితే దాన్ని తెల్లగా పుచ్చబెట్టి తినేసే బూజు. రంపపు పొట్టూ గోధుమ తవుడూ కలిపి ఉడికించి, ట్రేలలో పరిచి, దానికి మేతగా పెడతారు. ఆ మేతని అరిగించుకోడానికి అది వదిలే ఎంజైముని కడిగి, వడగట్టి, కాగితం మిల్లుకి అమ్ముతారు. గుజ్జు తెల్లబరచడానికి మిల్లువాళ్లకి అది కావాలి. బూజు పెంచి బతకడమేంటని ఊళ్లో నవ్వేవాళ్లు నవ్వారు. ఎవరి గొడవ వాళ్లది.

కిందటి చలికాలం భర్త ఆర్మస్ పోయాక సిల్వికి ఈ లోకంలో మిగిలింది రేనో ఒక్కడే. నలభై దాటాయి, పెళ్లీ పెటాకులూ లేవు, చెప్పిన మాట వినడు. అయినా వాడు పొద్దున్నే ఈల వేసుకుంటూ వంటింట్లోకి వస్తేనే ఆమెకి తెల్లవారినట్టు.

ఆ సాయంత్రం సిల్వి కొత్త ట్రేల నీళ్లు పరీక్షిస్తోంది. ఎప్పుడూ రెండు గాజు గొట్టాలు పెడుతుంది. ఒకదాంట్లో పచ్చి నీళ్లు, రెండోదాంట్లో అవే నీళ్లు బాగా మరగబెట్టి. రెండింట్లోనూ మందు చుక్క వేస్తే, పచ్చిది ఆకుపచ్చగా మారాలి. ఎంజైము బతికుందని దానర్థం. మరిగించింది మారకూడదు. చచ్చినదానికి రంగు రాదు.

రెండూ ఆకుపచ్చగా మారాయి.

సరిగ్గా మరగలేదేమోననుకుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి, కుతకుతమనేదాకా కదలకుండా అక్కడే నిలబడింది. చుక్క వేసింది. ఈసారి పచ్చిదానికన్నా మరిగించిందే ముదురుగా తిరిగింది.

"రేనో, ఇటు రా."

"ఏంటక్కా? ఏం పాడైనా నా నెత్తినేనా?" వాడు దగ్గుతూ వచ్చాడు. మూతికి గుడ్డ కట్టుకోరా అని ఆమె నెత్తీ నోరూ బాదుకున్నా కట్టుకోడు.

"ఈ ట్రేలలో ఏ పొట్టు పోశావు?"

"పొట్టంటే పొట్టే."

"కోతమిల్లు మూసేసి నెల దాటింది. ఎక్కణ్నించి తెచ్చావురా?"

రేనో బూట్ల వంక చూసుకున్నాడు. "నాయనమ్మ సౌనాలో పైబల్ల ఉంది కదా... ఊరికే పడుందని తాళం తీసి కోసేశాను."

సౌనా అంటే సరస్సు ఒడ్డున దుంగలతో కట్టిన ఆవిరిస్నానాల గది. అక్కాతమ్ముళ్లిద్దరూ పుట్టింది ఆ బల్ల మీదే. ఆ ఇంట్లో పోయినవాళ్లని పడుకోబెట్టి కడిగిందీ దాని మీదే. నాయనమ్మని, నాన్నని, ఆఖరున ఆర్మస్‌ని. ఆర్మస్ తల సిల్వే రుద్దింది. ఆ సాయంత్రమే తలుపుకి తాళం వేసింది. ఆ చెక్క దానంతటది మట్టిలో కలవాలి, చితుకులకైనా విరవకూడదు అనేది నాయనమ్మ.

"నీకు ఇంకో చెక్క దొరకలేదురా?"

"చెక్కకేం తెలుస్తుందక్కా ఎవరు పడుకున్నారో."

ఆమె ట్రే మూత తీసింది. తెల్లటి బూజు ఎప్పుడూ దుప్పటి పరిచినట్టు చదునుగా పెరుగుతుంది. ఇది అంచుల్లో ఉబ్బి, మధ్యలో గుంటపడి ఉంది, తల ఆనించి లేచిన దిండులా. వేలు పెట్టింది. బూజు కొంచెం వెచ్చగా ఉండడం మామూలే. ఇది చురుక్కుమంది.

"అన్నీ చంపెయ్యాలి. ఇప్పుడే."

"పొట్టు ఉడికించే డ్రమ్ములో రెండు ట్రేలే పడతాయి. ఎలాగూ శనివారమే, సౌనా రాజేస్తాను. పొయ్యి ఎర్రబడేదాకా కాలిస్తే ఏ బూజైనా చస్తుంది."

సిల్వి సరేనంది. తప్పు అక్కడే జరిగింది. ఆ తాళం పడేదాకా ప్రతి శనివారం సౌనా రాజెయ్యడం ఆ ఇంటివాళ్లకి పళ్లు తోముకున్నంత మామూలు. అందుకే, ఎక్కడి చెక్క తిన్నదాన్ని మళ్లీ అక్కడికే మోసుకుపోతున్నామని ఇద్దరికీ తట్టలేదు.

బల్ల ఉన్న చోటే, దాని దిమ్మెల మీద, ట్రేలన్నీ వరసగా పేర్చారు. మంట చూస్తూ రేనో అక్కడే ఉండిపోయాడు. సిల్వి ఇంట్లోకొచ్చి కజ్జికాయల్లా మాంసం కూరిన పాస్టీలు వేడిచేసింది. వేడెక్కినా వాడు రాలేదు. లాంతరు తీసుకుని బయల్దేరింది.

సౌనా దగ్గరకొచ్చేసరికి లోపల సుయ్యిమని చప్పుడు. కాలిన రాళ్ల మీద నీళ్లు చల్లిన చప్పుడు. నీళ్లెందుకు చల్లుతున్నాడు వీడు?

మళ్లీ సుయ్యిమంది. తర్వాత మాటలు... గుసగుసగా. ఒక గొంతు రేనోది. దానికి ఇంకెవరో బదులు చెబుతున్నారు. మధ్యలో ఒకరు గొంతు సవరించుకున్నారు. పాతికేళ్లు పక్కన పడుకుని విన్న చప్పుడు అది.

తలుపు లాగింది. ఆవిరి మొహాన కొట్టింది.

ట్రేలన్నీ ఖాళీ. తవుడు లేదు, పొట్టు లేదు, బూజు లేదు. వాటి మీద రేనో వెల్లకిలా పడుకుని ఉన్నాడు, ఒంటి మీద గుడ్డ లేకుండా. చేతులు రెండూ తిన్నగా పెట్టి ఉన్నాయి. తడిసిన జుట్టు పాపిడి తీసి నున్నగా దువ్వి ఉంది. జన్మలో దువ్వుకోని జుట్టు అది.

ఇంకెవరూ లేరు.

"తలుపు వెయ్యక్కా..." పెదవులు సరిగ్గా కదల్లేదు. "వేడి పోతోంది..."

"లే. లేరా నాన్నా..."

"వీపు ఇంకా కడగలేదు..."

సిల్వికి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఎక్కడ లేని బలమూ వచ్చింది. వాణ్ని చంకల కింద పట్టుకుని మంచులోంచి ఇంటిదాకా ఈడ్చింది. "వాడు నావాడు, ఇవ్వను," అంటూనే ఉంది దారంతా. ఎవరితో అంటోందో ఆమెకే తెలీదు.

మంచం మీద వేసి ఉన్న దుప్పట్లన్నీ కప్పింది. అంత కొలిమిలోంచి వచ్చినవాడి ఒళ్లు మంచుగడ్డలా ఉంది. ఊపిరి ఉందో లేదో అన్నట్టు ఆడుతోంది.

"కళ్లు మూయకు. ట్రక్కు స్టార్ట్ చేసి వస్తా, ఆసుపత్రికి పోదాం. విన్నావా?"

"వింటున్నా..." అన్నాడు. "చలిగా ఉందక్కా. జరగమంటున్నారు..."

ఆమె పరుగెత్తింది. ట్రక్కు రెండుసార్లు మొరాయించి అందుకుంది. హీటరు పెట్టి, వాణ్ని తేవడానికి ఇంటి వైపు తిరిగింది.

కప్పు నిండా మూరెడు మంచు ఉంది. రేనో మంచానికి సరిగ్గా పైన మాత్రం లేదు. అక్కడ పెంకులు తడిగా, నల్లగా బయటపడి, సన్నగా ఆవిరి కక్కుతున్నాయి. ఆ గదిలో పొయ్యి లేదు. చూరు కింద చెయ్యి పట్టింది. పడ్డ చుక్కకి చెయ్యి కాలింది.

సిల్వి అలా చూస్తుండగానే... పాకుతూ వస్తున్న ఆ కరిగిన అంచు ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది. మెల్లగా, చప్పుడు లేకుండా, నడిమి గోడ దాటి, పక్కగదిలో ఆమె మంచం ఉన్న వైపుకి.