అలిగిన మేనమామ

అరుణపురంలో ఒకప్పుడు ఎవరూ ఎవరిమీదా అలిగేవారు కాదు. అంగారక గ్రహం మీద గాజు గొడుగు కింద కట్టిన ఊరు అది. గాలి కొలిచి వాడుకోవాలి కనుక దంపతులకు ఒక్క బిడ్డే అని పాలకమండలి మొదట్లోనే చట్టం చేసింది. మూడు తరాలు గడిచేసరికి గాలి సరిపోయింది గానీ, ఊళ్ళో అన్నలూ అక్కలూ లేకుండా పోయారు. వాళ్ళ వెనకే పిన్నులు, బాబాయిలు, మేనమామలు. బడిలో ‘తోడబుట్టడం’ అంటే ఏమిటో చెప్పడానికి టీచర్లు బొమ్మలు గీయాల్సి వచ్చేది.

ఊరు మాత్రం మహా ప్రశాంతంగా ఉండేది. పెళ్ళిళ్ళు గంటలో అయిపోయేవి. విస్తరి ముందు నుంచి విసురుగా లేచిపోయేవాడు లేడు, వాడి వెంటపడి బతిమాలేవాళ్ళూ లేరు. అందరూ అందరికీ థాంక్స్ చెప్పి ఎవరి గదికి వాళ్ళు వెళ్ళిపోయేవారు. ఇంతకంటే సుఖమేముంటుంది అనుకునేవారు, ఒక్క అమృతవల్లి తప్ప.

"మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టకుండా నా మనవరాలికి చెవులు కుట్టించేది లేదు," అని భీష్మించుకుందావిడ. వాళ్ళ అమ్మమ్మ భూమ్మీద పుట్టిన మనిషి. ఆవిడ అన్నదమ్ముల కథలు వింటూ పెరిగింది అమృతవల్లి.

"నాకో అన్నయ్యని కనుంటే ఈ బాధ ఉండేది కాదు కదమ్మా!" అంది కూతురు ఇందుమతి.

"చట్టం కననిస్తేగా! నువ్వు సైంటిస్టువి కదే, నువ్వే చెయ్యి."

ఇందుమతి నిజంగానే చేసింది. దానికి ‘బంధుయంత్రం’ అని పేరు పెట్టింది. మనిషి ఎత్తు, మెత్తని చర్మం, ఒంట్లో గోరువెచ్చదనం. మెదడు ఉండాల్సిన చోట ‘స్వభావ ఫలకం’, అదే బిహేవియర్ బోర్డు. ఊళ్ళోవాళ్ళ మాటలూ మర్యాదలూ అందులోకి ఎక్కించారు. ఈ పనిలో ఆమెకు సాయం పరాంకుశం. పక్క బల్ల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేస్తున్న పెద్దాయన, పెళ్ళి చేసుకోలేదు, మాట తక్కువ. ఆమె ఆయన్ని ‘సర్’ అంటుంది, ఆయన ఆమెను ‘డాక్టర్ గారూ’ అంటాడు.

యంత్రాన్ని ఇంటికి తెచ్చారు. ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంది. అమృతవల్లి ఏమన్నా "చాలా బాగుందండీ" అంది.

"వీడు మేనమామేంటే, హోటల్లో సర్వరులా ఉంటేనూ!" అని తేల్చేసింది అమృతవల్లి. "మేనమామన్నవాడు ముందు అలగాలి. మనం బతిమాలాలి. అప్పుడు కదా మనవాడయ్యేది!"

ఇందుమతికి నవ్వొచ్చింది, వెంటనే నీరసమూ వచ్చింది. పాప తారకకు ముహూర్తం దగ్గర పడింది. అలక ఎలా నేర్పాలో ఆమెకు తెలియదు, ఎన్నడూ అలిగి ఎరగదు.

"నేను చూస్తాలెండి, డాక్టర్ గారూ," అన్నాడు పరాంకుశం, తలెత్తకుండా.

ముహూర్తం రోజు ఉదయం ఇంట్లో చెవులు కుట్టే డాక్టరు సూది సిద్ధం చేసుకుంటుంటే, ల్యాబు నుంచి యంత్రం ఫోన్ చేసింది. తను రాదట.

అమృతవల్లి మొహం వెలిగిపోయింది. "పదవే, పద! బతిమాలాలి!" అంటూ పాపను చంకనేసుకుని బయల్దేరింది.

యంత్రం ల్యాబులో గోడవైపు తిరిగి నిలబడి ఉంది. పరాంకుశం తన బల్ల దగ్గర ఏవో తీగలు సర్దుతున్నాడు.

"ఏం నాయనా, ఏమంత కోపం?" అంది అమృతవల్లి మురిసిపోతూ.

"మెసేజ్ పెట్టి ఊరుకున్నారు," అంది యంత్రం. "ఇంటికొచ్చి పిలిచినవాళ్ళెవరు? పాప పుట్టినప్పుడు ఊరంతటికీ స్వీట్లు పంచారు, నాకు చూపించనైనా లేదు. పోయిన ఉగాదికి ఇంత పచ్చడైనా పెట్టారా? ఇన్నేళ్ళుగా పక్కనే ఉన్నాను. ఒక్కనాడైనా అన్నయ్యా అని పిలిచిందా?"

అమృతవల్లి నవ్వు ఆగిపోయింది. "ఇందూ, దీనికి ఇల్లెక్కడుందే?"

"ఇల్లేమిటమ్మా, ఈ మూలే."

"పోయిన ఉగాదికి ఇది ఉందా?"

ఇందుమతి మెల్లగా పరాంకుశం వైపు తిరిగింది. ఆయన సర్దిన తీగనే మళ్ళీ సర్దుతున్నాడు.

"అలకంటే ఏమిటో దానికి నేర్పాలిగా, డాక్టర్ గారూ," అన్నాడాయన. "ఊరంతా అడిగాను. ఎవరి దగ్గరా లేదన్నారు. నా దగ్గరున్నదే ఇచ్చాను. క్షమించండి. నా సంగతులు తీసేద్దామనుకున్నాను, టైము చాలలేదు."

ఇందుమతికి ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ మనిషి పక్కనే కూర్చుని, చివరికి లేని అన్నయ్యను యంత్రంగా చేసుకుంది! సిగ్గేసింది. దగ్గరికెళ్ళి ఆయన చేతిలో తీగ తీసి పక్కన పెట్టింది.

"తప్పయిపోయింది అన్నయ్యా. ఇంటికి పద."

"అబ్బే, ఇప్పుడెందుకులేమ్మా..." అని ఆయన మొహం తిప్పుకున్నాడు. ఇంకో రెండుసార్లు బతిమాలితే గాని కదల్లేదు. మేనమామ అంటే అలాగే ఉంటాడట, అమృతవల్లి కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది.

చెవులు కుట్టేటప్పుడు తారక గుక్కపట్టి ఏడ్చి, పరాంకుశం కొత్త పంచె తడిపేసింది. ఆయన ఆ పంచె మార్చుకోనన్నాడు. అందరితో కలిసి విస్తరి ముందు కూర్చుని, పప్పులో ఉప్పు తక్కువైందని వంక కూడా పెట్టాడు.

సంగతి ఊరంతా పాకింది. బంధుయంత్రం కావాలని వచ్చినవాళ్ళందరితోనూ ఇందుమతి ఒకటే చెప్పేది: "ముందు మీ చుట్టుపక్కల ఎవరైనా మీమీద అలిగున్నారేమో కనుక్కుని రండి. ఆ అలక దీనికి ఎక్కించాలి." కనుక్కోడానికి వెళ్ళినవాళ్ళలో తిరిగి వచ్చింది బహు కొద్దిమంది. యంత్రాలు అమ్ముడుపోక, ప్రాజెక్టు ఫెయిలయిందని పాలకమండలి మూసేసింది. అరుణపురం పెళ్ళిళ్ళిప్పుడు మూడేసి రోజులు సాగుతున్నాయి, అందులో సగం ఎవరినో ఒకరిని బతిమాలడానికే సరిపోతోంది.

ఆ మొదటి యంత్రం మాత్రం తనను బతిమాలకుండానే చెవులు కుట్టించేశారని నేటికీ గోడవైపే తిరిగి ఉంది. పరాంకుశం రోజూ డ్యూటీ దిగాక దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు.

"పోనీలేరా తమ్ముడూ," అంటాడు. "పాప పుట్టినరోజుకి నేనే వచ్చి పిలుస్తాగా."