అక్క వైపే వీచే గాలి

ఆ గదిలోకి వెళ్లాలంటే తమ్ముడికి కాళ్లు రాలేదు. కంప్యూటర్లు బాగుచేయడమే అతని బతుకుతెరువు. అక్క నోరు తెరిచి అడిగాక కాదనడానికి మొహమెక్కడిది? బావ పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆయన చేసే టైపింగ్ పనే ఇప్పుడు అక్క చేసుకుంటోంది. గోడలకు కొత్త రంగు వేయించి, కాలిపోయిన కిటికీ తలుపులు మార్పించింది.

"ఈసారి లోపలికి దుమ్ము పోకుండా ఏదో జాలీ ఉంటుందన్నావే, అది పెట్టరా," అంది కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

ఈసారి అన్న మాట అతనికి ఎక్కడో గుచ్చుకుంది.

పోయినసారి బావకి కంప్యూటర్ బిగించిందీ అతనే. హడావుడిలో వెనక ఫ్యాను తిరగేసి పెట్టాడు. వేడిని బయటికి తోయాల్సింది కాస్తా అది కూడా గాలిని లోపలికే లాగింది. జాలీల సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. లోపల దుమ్ము మేట వేసింది. కంప్యూటర్ పెట్టె వేడెక్కి కూత పెడుతోందని బావ ఫోన్ చేస్తే వచ్చాడు గానీ, లోపల ఏముందో చూడటానికి బద్ధకించాడు. మూత కాస్త జరిపి, ఆ కూసే బుల్లి స్పీకరు తీగ పీకేశాడు. "ఇక హాయిగా పడుకో బావా," అని చక్కా పోయాడు.

బావ హాయిగానే పడుకున్నాడు, ఓ మధ్యాహ్నం, పెట్టె నడుస్తుండగానే. అక్క బజారు నుంచి వచ్చేసరికి గదంతా పొగ.

ఇస్త్రీ పెట్టె ఆపకుండా వెళ్లానని, చేజేతులా చంపుకున్నానని అక్క గుండెలు బాదుకుంది. అందరూ నమ్మారు. తమ్ముడు మాత్రం మాడిపోయిన కంప్యూటర్ని గుట్టుచప్పుడు కాకుండా పట్టుకెళ్లి విప్పి చూశాడు. ఫ్యాను చట్రం మీద గాలి దిక్కు చెప్పే బాణం గుర్తు లోపలికి చూపిస్తోంది. ఆ ముక్క ఎవరితోనూ అనలేదు. అప్పట్నుంచి తిన్నది ఒంటికి పట్టడం లేదు. అక్క "తిన్నావురా?" అని అడిగితే చాలు, చచ్చిపోవాలనిపిస్తుంది.

అందుకే ఇప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేశాడు. ముందు రెండు ఫ్యాన్లు గాలి లాగేవి, వాటికి సన్నటి జాలీలు. వెనకది, పైది బయటికి తోసేవి. బాణాలన్నీ వేలుపెట్టి చూసుకున్నాడు. ఇక కాగితం పరీక్ష ఒక్కటే మిగిలింది. సన్నటి కాగితం పీలిక ముందు పెడితే జాలీకి అతుక్కోవాలి, వెనక పెడితే ఎగరాలి.

బయట మబ్బు కమ్మి గదిలో వెలుతురు తగ్గింది. మీట నొక్కాడు. ఫ్యాన్లు గుయ్యిమన్నాయి. ముందు జాలీ దగ్గర కాగితం పట్టుకున్నాడు.

అతుక్కోలేదు. అక్క వైపు ఎగిరింది.

అరచెయ్యి పెట్టి చూశాడు. వేడి... పొయ్యి ముందు కూర్చున్నంత వేడి. మాడిన దూది వాసన. కొత్త జాలీ మీద అప్పుడే మసి పేరుకుంటోంది.

బాణాలు మళ్లీ చూశాడు. సరిగ్గానే ఉన్నాయి.

"కిటికీ మూస్తానుండు, వాన వచ్చేలా ఉంది," అంటూ అక్క లేచి అటు నడిచింది. అతని చేతిలో కాగితం మెల్లగా... కిటికీ వైపు తిరిగింది. ఆమె మళ్లీ కుర్చీ దగ్గరికొచ్చింది. కాగితమూ ఇటు తిరిగింది.

ప్లగ్గు పీకేశాడు. ఫ్యాన్లు ఆగాయి.

గాలి ఆగలేదు.

"రోజూ ఇంతేరా," అంది అక్క మామూలుగా. "పాత కంప్యూటర్ తీసేసినా అదున్న ఆ మూల నుంచి ఇలాగే వస్తుంది. ఎక్కడ కూర్చుంటే అక్కడికి. జాలీ పెడితే కాస్త ఆగుతుందేమో అనుకున్నా."

పమిట ముందుకు లాక్కుంది గానీ, ముంజేయి పొడవునా కమిలిన చర్మం అతని కంట పడనే పడింది. ఇక దాచుకోవడం అతని వల్ల కాలేదు.

"ఇస్త్రీ పెట్టె కాదక్కా. నేనే. ఫ్యాను తిరగేసిందీ నేనే, కూత వినపడకుండా తీగ పీకిందీ నేనే. బావని నేనే చంపాను."

అక్క మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఒక్క అంగలో వచ్చి అతని నోరు మూసింది.

"మెల్లగా..." అంది గుసగుసగా. "నాకు తెలుసురా. ఆ రోజు ఇస్త్రీ పెట్టె పక్కింటావిడ దగ్గరుంది. నువ్వు మాడిన కంప్యూటర్ని గుట్టుగా పట్టుకెళ్లినప్పుడే అర్థమైంది."

"మరి నీ మీదెందుకు వేసుకున్నావ్?"

"ఎత్తుకుని పెంచిన దాన్ని. నిన్నెలా పట్టిస్తాను?" ఆమె చూపు మూల మీదే ఉంది. "మీ బావ కూడా నేనే చేశాననుకుంటున్నారు. అనుకోనీ. నేను ఓర్చుకుంటున్నాగా. నువ్వు తట్టుకోలేవు."

ఇన్నాళ్లూ అక్క దగ్గర దాస్తున్నాననుకున్నాడు. తన పాపాన్ని ఆమె రోజూ ఇక్కడ కూర్చుని ఒంటి మీద మోస్తోంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

అక్క పమిట కొంగు ఎగరడం ఆగింది.

గదిలో చడీచప్పుడు లేదు. అక్క చటుక్కున అతని రెక్క పట్టుకుని బయటికి ఈడ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వచ్చి పడ్డారు.

వాన దంచికొడుతోంది. క్షణంలో అక్క తడిసి ముద్దయింది. చలికి ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. తమ్ముడి జుట్టులోంచి, ముక్కు మీంచి నీళ్లు కారుతున్నాయి. వీపు మీద చొక్కా మాత్రం పొడిగా ఉంది... వెచ్చగా ఉంది.

అక్క అది చూసింది. గబుక్కున అతని వెనక్కి వెళ్లి, రెండు చేతులూ బార్లా చాపి అడ్డంగా నిలబడింది. కాసేపు అలాగే నిలబడింది.

"ఆ గాలి నా మీదికి రావట్లేదురా," అంది ఏడుపు గొంతుతో.