మూడు ముక్కలు ముట్టినవి

కర్ర్... కర్ర్... కర్ర్...

మూసిన షట్టర్ అవతల రంపం.

ఆమె ఆగుతుంది. చెవి రేకుకు ఆనిస్తుంది. చెక్క కోసే రంపానికి గొంతు మెత్తన. ఈ గొంతు మెత్తగా లేదు. పళ్లు నూరుతోంది. ఉక్కును కోస్తోంది.

ఉదయం పదిన్నర. పదకొండింటికి కోర్టులో తీర్పు. పదకొండున్నరకల్లా తమ్ముడు నిందితుడు కాదు... హంతకుడు.

షట్టర్ కింద జానెడు సందు. రెండు చేతులూ దూర్చి, ఒక్క ఊపున ఎత్తుతుంది.

తుపాకుల మేస్త్రీ ఉలిక్కిపడి తలెత్తుతాడు. ఎదురుగా వైస్‌లో బిగించిన రైఫిల్ బ్యారెల్. మధ్యలో సగందాకా దిగిన కోత.

“రంపం పక్కన పెట్టు బాబాయ్.”

“నువ్వెందుకొచ్చావమ్మా ఇక్కడికి?”

“పెట్టమన్నానా.”

పెడతాడు.

ఆమెది తుపాకుల లైసెన్సు సెక్షన్‌లో గుమాస్తా ఉద్యోగం. మేస్త్రీ చేసిన ప్రతి మరమ్మతు కాగితమూ ఆమె బల్ల మీదికే వస్తుంది. రెండేళ్ల కిందట వచ్చిన కాగితం కూడా అలాగే వచ్చింది. క్వారీ ఓనర్ దరఖాస్తు. లైసెన్సు పాతదే, రైఫిల్ పాతదే. కాలిబర్, అంటే గొట్టం లోపలి కొలత, మాత్రం మార్చాలి. ఎనిమిది ఎం.ఎం. తీసేసి ఆరున్నర. బాడీ అదే, బోల్టు అదే, మారేది బ్యారెల్ ఒక్కటే.

నియమం కూడా ఒక్కటే. పాత బ్యారెల్‌ను మూడు ముక్కలు చేసి ఆఫీసులో అప్పగించాలి.

ముక్కలు వచ్చాయి. గోనెసంచిలో చుట్టి, ఆయనే బైక్ మీద తెచ్చారు. ఆయన... ఆ క్వారీలో మేనేజర్. ఆమె భర్త.

“మా ఓనర్‌గారివే. చూసేదేముంది?” అన్నారు.

ఆమె చూడలేదు. లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ‘మూడు ముక్కలు ముట్టినవి’ అని రాసి సంతకం చేసింది.

మరో మూడు నెలలకు, అడవి సరిహద్దు కొలవడానికి వచ్చిన సర్వేయర్ ఛాతీలో తూటా దిగింది. ఎనిమిది ఎం.ఎం. ఎముకకు తగిలి నలిగిపోవడంతో కొలత తప్ప, ఏ తుపాకీదో చెప్పే గీతలేవీ దొరకలేదు. ఆ చుట్టుపక్కల ఆ కాలిబర్ రైఫిల్ ఒక్కటే మిగిలిందని పోలీసులు తేల్చారు. అది ఫారెస్ట్ వాచర్‌ది. శవాన్ని మొదట చూసి కబురు చెప్పినవాడూ ఆ వాచరే.

ఆ వాచర్ ఆమె తమ్ముడు.

ఒక్కటే మిగిలిందని రుజువు చేసిన కాగితం మీద సంతకం ఆమెది.

ఆ సంతకం రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఈ ఉదయం ఆఫీసు తెరవగానే ఆ గోనెసంచి విప్పింది. చెవి మీది పెన్సిల్ తీసి ఒక ముక్కలోకి దూర్చింది. దూరలేదు. రెండోది. దూరలేదు. మూడోది...

ఎనిమిది ఎం.ఎం. గొట్టంలో పెన్సిల్ జారిపోవాలి.

ఇప్పుడు అదే పెన్సిల్‌ను వైస్‌లోని బ్యారెల్ మూతి దగ్గర పెడుతుంది. వేలితో నెడుతుంది.

సర్రున జారిపోయింది.

వెనక కొస మీద నంబరు. ఓనర్ లైసెన్సులోని నంబరే.

“రెండేళ్ల కింద చచ్చిన బ్యారెల్ ఇది. మళ్లీ ఎలా చంపుతున్నావ్ బాబాయ్?”

మేస్త్రీ రంపం మీద గుడ్డ కప్పుతాడు.

“కొయ్యమన్నదెవరు? ఓనరేనా? మా ఆయన్ని కూడా మోసం చేసి ఆ సంచి పంపాడా?”

“సర్వేయర్ పోయిన నెలంతా ఓనర్ ఆస్పత్రిలో ఉన్నాడమ్మా. తుంటి విరిగి.”

“మరి రైఫిల్?”

“క్వారీ ఆఫీసు బీరువాలో.”

“తాళం ఎవరి దగ్గర?”

మేస్త్రీ నేల చూస్తాడు. ఇనుప రజను చూస్తాడు. ఆమె ముఖం తప్ప అన్నీ చూస్తాడు.

“బ్యారెల్ దాచమంటే దాచానమ్మా. ఒక్కరోజుకి మళ్లీ బిగించమంటే బిగించాను. పందుల బెడదన్నారు. మర్నాడు పేపర్లో సర్వేయర్ ఫొటో చూశాను.”

“చూసి?”

“నాకూ లైసెన్సుంది. అది పోతే నా బతుకు...”

“నీకు లైసెన్సుంది. వాడికి ఉరితాడుంది. ఏది బరువో నువ్వే చూసుకున్నావన్నమాట.”

బయట బైక్ ఆగుతుంది.

ఆ ఇంజన్ దగ్గు ఆమెకు తెలుసు. రోజూ సాయంత్రం వంటింట్లోంచి వినే దగ్గు.

“మేస్త్రీ, అయిందా? తీర్పు వచ్చేసరికి దాని ఆనవాలు ఉండకూడదు. రెండు ముక్కలు నాకివ్వు. మూడోది నువ్వే కరిగించెయ్.”

వంగి షట్టర్ దాటి లోపలికొస్తారు. ఆమెను చూస్తారు.



“నువ్వు ఆఫీసులో ఉండాలిగా ఈ టైముకి?”

“ఆఫీసు పని మీదే వచ్చానండీ.”

బ్యారెల్ చూస్తారు. పెన్సిల్ చూస్తారు. కంగారు లేదు. స్టూలు లాక్కుని కూర్చుంటారు.

“సరిహద్దు రాళ్లు జరిపించింది నేను. అతగాడు కొలత పూర్తి చేసుంటే జైలుకి నేనే పోయేవాణ్ణి.”

“అందుకని నా తమ్ముణ్ణి పంపారా?”

“నేను పంపలేదు. వాడే పోయి ఆ శవం పక్కన నిలబడ్డాడు. పోనీలే, వాడికి పెళ్లాం పిల్లలా? మనకి సంసారం ఉంది.”

అంత మామూలుగా. బజారు నుంచి ఏం తేవాలో అడుగుతున్నంత మామూలుగా.

ఆమె అరికాళ్ల నుంచి ఏదో లేస్తుంది. భయం అనుకుంటుంది. కాదు. కోపం.

“వాడు జైలుకి పోయిన రోజు నా పక్కన కూర్చుని ఏడ్చారు మీరు.”

“ఏడవకపోతే నీకు అనుమానం రాదూ? ఇప్పుడు విను. ముక్కలు ముట్టినట్టు సంతకం నీది. నేను మునిగితే నాకంటే ముందు నువ్వు మునుగుతావు. ఆలోచించుకో.”

“ఆలోచించానండీ.”

వైస్ పిడిని ఒక్క తిప్పు తిప్పుతుంది. బ్యారెల్ ఆమె చేతిలో పడుతుంది.

ఆయన లేస్తారు. లేచిన ఆయన చొక్కాను వెనక నుంచి మేస్త్రీ పట్టుకుంటాడు.

“పో అమ్మా... పో!”

పరుగు.

వెనక తలుపు. సందు. మురుగు మీది పలక. కొంగులో చుట్టిన ఉక్కు, చంటిబిడ్డంత బరువు. వెనక ఏదో విరిగిన చప్పుడు. ఆ వెంటనే బైక్ దగ్గు.

సందు మలుపు. మెట్లు. మెట్ల మీద బైక్ రాదు. చుట్టూ తిరిగి వస్తుంది. అంటే... మూడు నిమిషాలు.

కూరగాయల బండిని ఒరుసుకుంటూ పోతుంది. “కళ్లు కనపడవా తల్లీ?” అంటుంది బండామె. ఇవాళే కనపడ్డాయి, అనుకుంటుంది.

చెప్పు తెగింది. వదిలేస్తుంది.

కోర్టు గేటు. జనం. తపాలా డబ్బాలాంటి కాపలా గది. మెటల్ డిటెక్టర్...

కుయ్యిమంటుంది.

ఇద్దరు పోలీసులు అడ్డం.

“కొంగులో ఏంటమ్మా?”

నోరు తెరిచేలోగా వెనక నుంచి కేక.

“పట్టుకోండి! దాని దగ్గర తుపాకీ ఉంది! జడ్జిగారి మీదికి పోతోంది!”

ఆయనే. చొక్కా చిరిగింది. పెదవి చిట్లింది.

నాలుగు చేతులు ఆమెను గోడకు నొక్కేస్తాయి. చెంప మీద సున్నం. మోచేయి విరుగుతుందేమో అన్నంత మెలి. అయినా ఆమె బ్యారెల్ వదలదు.

“తుపాకీ కాదు. అందులో సగం. జడ్జిగారి మీదికే పోతున్నాను. మీరే తీసుకుపొండి.”

పోలీసులు ముఖాలు చూసుకుంటారు. ఆయుధంతో పట్టుబడ్డ మనిషి. అదీ, ఈ జడ్జిగారి పేరే చెప్పి. ఇంకెక్కడికి తీసుకుపోతారు?

ఆయన కేకే ఆమెకు దారి తెరిచింది.

పదకొండు దాటింది. బోనులో తమ్ముడు. గడ్డం పెరిగింది. “అక్కా...” అంటాడు, శబ్దం రాకుండా.

అతని లాయర్ ఆమె మాట విని లేచి, రెండు ముక్కల్లో చెప్పి, అనుమతి అడుగుతాడు. జడ్జి ముందున్న బల్ల మీద బ్యారెల్ పడుతుంది. సగం కోత పైకి. నంబరు పైకి.

ఆమె చెబుతుంది. కాలిబర్ మార్పు. గోనెసంచి. పెన్సిల్. మేస్త్రీ. అన్నీ. చివరికి...

“చూడకుండా సంతకం చేసింది నేనండీ. నా మీద కూడా రాయండి.”

జడ్జి కళ్లజోడు తీస్తారు.

“ఆ నకిలీ ముక్కలు మీకు తెచ్చిచ్చింది ఎవరు?”

“ఆయన.”

వేలు తలుపు వైపు చూపిస్తుంది.

“ఆయన అని రికార్డులోకి ఎక్కదమ్మా. పేరు చెప్పండి.”

టైపిస్టు వేళ్లు గాలిలో ఆగుతాయి.

పేరు.

పదకొండేళ్ల కాపురం. ఏమండీ. ఆయన. మీ బావ. ఫారాల మీద రాసింది గానీ, గొంతు విప్పి ఆ పేరు ఒక్కనాడూ అనలేదు. అంటే ఆయుష్షు తగ్గుతుందని పెళ్లినాడు ఎవరో చెవిలో చెప్పారు.

తలుపు దగ్గర ఆయన తల అడ్డంగా ఊపుతున్నారు.

కాదు. ఊపుతున్నాడు.

ఆమె తమ్ముణ్ణి చూస్తుంది. ఊపిరి తీసుకుంటుంది. హాలు చివరి బెంచీకి కూడా వినపడేలా, అక్షరం అక్షరం, చెబుతుంది.

“ముకుందరావు.”