తీగ పట్టుకుంటే కొట్టే గది

నల్లపాడు స్టేషన్ వెనక, మిరపకాయల గోడౌన్‌ని ఆనుకుని ఒక పెంకుటింటి వాటా ఉంది. దాని చివరి గదికి చెడ్డపేరు. అక్కడ ఫోన్ తీగ ముట్టుకున్నవాళ్లని ఎవరో కొడతారట. మనిషి కనపడడు... చప్పుడు వినపడదు... దెబ్బ మాత్రం పడుతుంది. ముందు అద్దెకున్న మార్క్, కంప్యూటర్‌కి నెట్ పెట్టుకోబోయి రెండుసార్లు కొట్టించుకుని, మూడోనాడు సామాను సర్దేశాడని చెబుతారు.

ఆ తర్వాత ఆ వాటాలో దిగింది రహమతున్నీసా. కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. కూతురు నజ్మీన్ పొదిలిలో, చెల్లెలు షమీమ్ దగ్గర చదువుకుంటోంది. పిల్లకి మూడు రోజులుగా జ్వరం. ఫోన్లో మాత్రం "బాగానే ఉన్నా అమ్మీ" అంటుంది. ఆ మాట నమ్మి నిద్రపోయే తల్లి కాదామె. ఇవాళ కంప్యూటర్లో పిల్ల మొహం చూసి తీరాలి.

చీకటి పడ్డాక, నెట్ లైన్లు వేసే కోటేష్ మోడెమ్ పట్టుకుని వచ్చాడు. ఫోన్ ఊడదీసి నేలమీద పెట్టాడు. గోడమీది ఫోన్ డబ్బా మూత తెరిచాడు.

గుప్పున కంపు.

బల్లి ఒకటి లోపలే చచ్చి, ఎండి, తీగలకి అతుక్కుపోయింది. దానికింద ఎలక పెంటికలు, బొద్దింక రెక్కలు, ఏళ్లనాటి మిరప దుమ్ము... రహమతున్నీసా కొంగుతో ముక్కు మూసుకుంది.

"గుడ్డ తెస్తా, ఉండు."

"ఎందుకక్కా."

బల్లిని గోటితో గీకి పడేశాడు. ఆ చెయ్యి ప్యాంటుకి రాసుకున్నాడు. తీగ కొస... నోట్లో పెట్టుకున్నాడు. పైతొడుగు పళ్లతో ఒలవడం అతని అలవాటు.

"ఛీ... నోట్లోనా?"

"ఫోన్ తీగలో కరెంటేముంటుందక్కా," అన్నాడు పళ్ల మధ్య నుంచే.

అతని తల ఒక్కసారిగా వెనక్కి ఎగిరింది. వెంటనే మరోసారి. తీగ జారిపడింది. కోటేష్ నోరు తెరుచుకునే ఉంది. చొంగ కారుతోంది. కింది పెదవికి బల్లి తోలు ముక్క...

"కొట్టిందక్కా," అని గొణిగాడు. "ఎవరూ లేరుగా... ఎవరు కొట్టారు?"

ఆమె చూపు తిప్పేసుకుంది. అసహ్యం భయం కంటే ముందొచ్చింది.

కోటేష్ పంతానికి వేలితో మళ్లీ తాకాడు. ఏమీ లేదు... ఏమీ లేదు... రెండు దెబ్బలు. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ రెండు.

రెండు... ఆగి... రెండు.

ఆమె గడియారం వైపు చూసింది. సరిగ్గా ఎనిమిది. నేలమీద, తీగ లేని ఫోన్ మూగగా పడుంది.

"చెయ్యి తియ్యి," అంది మెల్లగా. "అది దెయ్యం కాదు. నా కూతురు."

కోటేష్ మొహం పాలిపోయింది.

"నెట్ పెట్టడం అయ్యిందా అని అడగడానికి ఎనిమిదింటికి ఫోన్ చెయ్యమన్నా. గంట మోగించే కరెంటే అది. గంట నేలమీదుంది, తీగేమో నోట్లో పెట్టుకున్నావు. ముందు బయటి డబ్బా దగ్గర లైను ఊడదీసిరా. అప్పుడు ముట్టుకో. పళ్లతో కాదు."

మార్క్‌ని కూడా ఎవరో ఇలాగే, అయ్యిందా అని అడగబోయి ఉంటారు.

అరగంటకి ఫోనూ మోడెమూ రెండూ కుదిరాయి. ట్రింగ్ ట్రింగ్... కోటేష్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇందాక ఎంతసేపు చేశానో. ఎత్తలేదేం అమ్మీ?" అంది నజ్మీన్ ఫోన్లో.

పక్కనే కంప్యూటర్ తెరమీద పిల్ల మొహం మెల్లగా తేటపడింది. చిక్కిపోయింది. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. రహమతున్నీసా గుండె కుదుటపడింది, కడుపే ఇంకా కుదుటపడలేదు.

"ఎత్తారమ్మా," అంది, కోటేష్ పెదవి వైపు చూడకుండా. "నోటితో."