తిట్టే నేరేడు

నెల్లికుదురు దాటినంక తండాకు మళ్లే మలుపుల ఒక నేరేడు చెట్టుండె. ఏడ్చే దెయ్యాలను విన్నం, నవ్వే దెయ్యాలను విన్నం. గీ చెట్టు మీద దెయ్యం మాత్రం తిడ్తదట! పొద్దుగూకినంక దాని కింద నుంచి పోతే పైన ఆకులల్లకెళ్లి రంపం గీకిన చప్పుడు... ఆ వెనుకనే కోపపు గొంతు — "ఎన్నిసార్లు చెప్పాలెరా?"

ఎవలికి చెప్తున్నదో, ఏం చెప్తున్నదో నిలబడి విన్న మొగోడు లేడు.

మోతీ అనేటోడు ఆ చెట్టెక్కి, కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కోస్తూ పడి పానం ఇడిసిండు. తిట్టేది వాడే అన్నరు అందరు.

ఇగ సక్రు సంగతి. ముప్పై ఏండ్లోడు, పెండ్లాం ఉన్నోడు. ఇండ్ల మీద వాలిన కొమ్మలు, పురుగు తిన్న కొమ్మలు చెట్టు చావకుండ కోసే పని నేర్చుకుందామని బాబామియా దగ్గర చేరిండు. ఏడాదిన్నర అయింది. తాడుకు ముళ్లెయ్యుడు నేర్చిండు. రంపం పదును పెట్టుడు నేర్చిండు. గొడ్డలి వెనక పక్కతోని కొమ్మను కొట్టి, లోపల బోలున్నదా అని చెవివెట్టి వినుడు నేర్చిండు. ఎక్కుడు ఒక్కటే లేదు. కుంటికాలుతోని ఉస్తాద్ కింది కొమ్మల దాక ఎక్కుతడు, సక్రు కింద తాడు పట్టుకొని.

"ఇంకెన్నడు ఉస్తాద్?"

"ఇయ్యాల గాదు."

ఇంట్ల పెండ్లాం రుక్కి ఊకుంటదా? "బర్రెను కట్టేసేటోడు గూడ తాడు పడ్తడు. గంత దానికి ఉస్తాద్ ఎందుకు?" అన్నది.

గప్పుడే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సులు బంద్, బడులు బంద్. తెల్లారితే రాస్తారోకో. తండా పెద్ద అమర్‌సింగ్ అన్నడు — "ఆ నేరేడునే రోడ్డుకు అడ్డం పడగొడ్దాం. దెయ్యం పీడ గూడ పోతది."

బాబామియా కస్సుమని లేచిండు. "సమ్మెల నేను గూడ కూసున్న. రోడ్డు ఆపుండ్రి, వద్దనను. చెట్టు మీద చెయ్యేస్తే మాత్రం ఊకోను!"

"దెయ్యమంటే భయమా ఉస్తాద్?" అన్నడు సక్రు అందరి ముందట. అందరు నవ్విండ్రు. బాబామియా వాని దిక్కు ఒక్క చూపు చూసి, కుంటుకుంట ఎల్లిపోయిండు.

ఆ రాత్రే సక్రు గొడ్డలి భుజాన వేసుకొని బైలెల్లిండు. పొద్దున చూస్తరు, ఎవడు పనోడో, ఎవడు తాడు పట్టేటోడో!

అమాస చీకటి. కరెంటు గూడ లేదు. మొదలుకు ఒక దెబ్బ వేసిండు — ధన్.

పైన... గర్... గర్... అని రంపం గీకి, ఆగింది.

సక్రు తలెత్తి చూసిండు, చీకటి తప్ప ఏం కనవడలే. మల్ల మొదలైంది రంపం... మల్ల ఆగింది.

"కింది కోత ఏదిరా? ముందు కింది కోత, తర్వాత పై కోత! ఎన్నిసార్లు చెప్పాలెరా?"

ఉరుకుదామనుకున్నోడు ఆగిండు... ఎందుకంటే ఆ మాట ఎరుకైన మాట! కొమ్మకు ముందు అడుగున చిన్న కోత పెట్టకుంటే, అది సగంల చీలి, బెరడు లాక్కుంట వచ్చి కోసేటోన్నే కొడ్తది. ఏడాదిన్నర నుంచి రోజు వింటున్నడు.

"ఉస్తాద్...?"

కింది కొమ్మల పంగల ఒక టార్చి వెలిగింది. బాబామియా!

"మోతీగాన్ని ఆరు నెలలకే ఎక్కిచ్చిన," అన్నడు పండ్లు కొరుక్కుంట. "తొందర వెట్టిండు, సరే అన్న. కింది కోత పెట్టలే. కొమ్మ చీలి గుండెల మీద కొట్టింది. పగటీలి వాని పెండ్లాం గిదే తొవ్వల పోతది. ఆమె వినంగ వాన్ని ఎట్ల తిడ్త? గందుకే రాత్రి. నువ్వేమో నరకొచ్చినవ్! నరుకుడు ఎవడైనా నరుకుతడు!"

గొడ్డలి జారింది. సక్రుకు గూడ కోపం ఆగలే. "నన్ను గూడ తిట్టు ఉస్తాద్! కని ఎక్కిచ్చి తిట్టు!"

తాడు కొస వచ్చి సక్రు కాళ్ల మీద పడ్డది.

"కట్టుకో."

అట్ల ఎక్కిండు మొదటిసారి, ఉస్తాద్ రంపం, టార్చి అందుకొని. కింది కోత, పై కోత... కొమ్మ చీలకుండ సాఫ్‌గ పడ్డది. ఆ రాత్రి కోసిన కొమ్మలే పొద్దుగాల రోడ్డుకు అడ్డమైనయి. చెట్టు నిలబడ్డది, రాస్తారోకో గూడ ఆగలే. కని అసలు సంగతి గది గాదు...

ఆ రాత్రి కొనకు పోయినంక సక్రు టార్చి పైకి కొట్టిండు. "ఉస్తాద్, గీ మోకాలుతోని ఇంత పైకి ఎట్లెక్కినవ్?"

"యాడికి?"

"గీడికి. కోతలున్నయి."

"గీ పంగ దాటి రెండేండ్లాయె. మోకాలు వంగది."

సక్రు వేలు పెట్టి చూసిండు. ఇప్పుడే కోసినట్టు పచ్చిగున్నయి. అన్నిటికన్న కింది కొమ్మ కోత చీలి, బెరడు ఊడింది. దాని మీదిది జర నయం. అన్నిటికన్న పైది...

కింది నుంచి బాబామియా, తిట్టే గొంతు గాదు, గుసగుస — "కింది కోత... ఉన్నదా?"

"ఉన్నది ఉస్తాద్. సాఫ్‌గున్నది."

"శెభాష్‌రా... ఇగ దిగు."

సక్రు దిగలే. ఆ మాట తనకు గాదు, మోతీకని తెల్సింది. గాలి లేదు, ఆకు కదులుత లేదు... నెత్తి మీద కొన కొమ్మ ఒక్కటే, మనిషి బరువు దిగినట్టు, మెల్లగ పైకి లేచింది.