పదకొండు కిలోల తేడా

సైంటిస్టుల పరిశోధన విమానానికి ప్రయాణాలు కుదిర్చే ఆమె ఆ రోజు చేయాల్సిన పనులు: విమానం రెక్క కింద మబ్బుల జట్టు యంత్రం బిగింపు చూడాలి. పొట్ట కింద అడవుల జట్టు కెమెరా చూడాలి. పైలట్ చేత వాతావరణం కాగితం మీద సంతకం పెట్టించాలి. ఎక్కేవాళ్లందరినీ సామానుతో సహా కాటా ఎక్కించాలి. మబ్బుల సైంటిస్టుతో గొడవ పడకూడదు.

ఆఖరిదే ముందు తప్పింది.

“నా విమానం గంటలు అడవుల వాళ్లకెలా ఇస్తారండీ? మూడేళ్లు ఎదురుచూశాను!”

“ఇవ్వలేదండీ, కలిపాను. ఉన్నది ఒక్క విమానం, అడిగేవి నలభై జట్లు. కమిటీ వరస పెడుతుంది, నేను దారులు కలుపుతాను. మీ మబ్బులు వాళ్ల అడవి మీదే ఉన్నాయి. విడిగా అయితే ఇద్దరికీ ఈ ఏడు కుదిరేది కాదు.”

అతను ఆమె చేతిలోని దారుల పటం మీదికి వంగాడు. “అంటే నన్ను ఎక్కించింది మీరేనన్నమాట.”

“ఇంకా ఎక్కలేదుగా. ముందు కాటా.”

కాటాకి మొహమాటం ఉండదు. యంత్రం బరువు రాసిన అతను, దాని కేబుళ్ల బరువు రాయడం మరిచాడు. పదకొండు కిలోలు ఎక్కువ.

“గుర్రాన్ని తూచి కళ్లెం మరిచావు బాబూ,” అన్నాడు మెకానిక్ బాబాయ్.

రేపటి నుంచి విమానం ఇంకో జట్టుది. ఈ పూట పోతే మళ్లీ మూడేళ్లు. అతని మొహం వాడిపోయింది.

“మనిషిని మారిస్తే సరి. ఈయన డెబ్భై రెండు కిలోలు. అమ్మాయ్, నువ్వెంత?” అన్నాడు బాబాయ్.

“యాభై ఎనిమిది... నేనా బాబాయ్?”

విమానంలో పనిచేసే శిక్షణ కార్డు ఆమెకూ ఉంది. వందల మందిని ఎక్కించింది గానీ తాను ఎన్నడూ ఎక్కలేదు. ఆమె ఇంట్లో ఎవరూ ఎక్కలేదు.

అతను తన హెడ్‌ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. “పచ్చ లైటు వెలగ్గానే మీట నొక్కాలి.”

“తెలుసు. నిన్న రిహార్సల్లో మీరు రెండుసార్లు మరిస్తే గుర్తుచేసింది నేనే.”

పైకి వెళ్లాక మబ్బు ఎదురొచ్చింది. కింది నుంచి దూదిపింజలా కనబడేది, ఇక్కడ కొండలా లేచి నిలబడింది. దాని లోపల ఎక్కడో వెలుగు. విమానం అందులోకి దూరింది. కిటికీ మీద చినుకులు కిందికి జారలేదు, అడ్డంగా పరుగెత్తాయి. పచ్చ లైటు వెలిగింది. ఆమె మీట నొక్కింది. కళ్లు ఎందుకు తడిశాయో ఆమెకే తెలియలేదు.

“ఏం కనిపిస్తోంది?” కింది నుంచి రేడియోలో అతని గొంతు.

“కాగితంలో ఏ గడిలో రాయాలో తెలియడం లేదండీ.”

“రాయొద్దు, చెప్పండి. నేనూ ఎప్పుడూ మబ్బు లోపలికి వెళ్లలేదు.”

ఆమె కిటికీకి మొహం ఆనించింది. అతను ఏమి వదులుకున్నాడో అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ప్రతి తెల్లదనాన్నీ, ప్రతి నీడనూ విడిచిపెట్టకుండా చెప్పింది.

దిగేసరికి వాన. అతను గొడుగు పట్టుకుని, విప్పడం మరిచి, తడుస్తూ నిలబడ్డాడు.

“డేటా మొత్తం వచ్చింది,” అందామె.

“ఈసారి ఇద్దరం వెళ్లాలండీ.”

“అప్లై చేసుకోండి. మూడేళ్లు పడుతుంది.”

“మూడేళ్లూ రోజూ వచ్చి మిమ్మల్నే అడుగుతాను.”

“రోజూ అయితే ముందు మా నాన్నని అడగాలి. గోదాములో కాటా పని ఆయనది. మనిషిని చూడగానే తూచేస్తారు.”

“కేబుళ్లతో సహా వస్తాను.”

ఆమె నవ్వి, అతని చేతిలోంచి గొడుగు తీసుకుని విప్పింది.

ఎప్పుడైనా మీ తల మీద మబ్బు కమ్మినప్పుడు, దాని లోపలికి వెళ్లిన వాళ్లతో పాటు, తన సీటు ఇచ్చేసి నేల మీద నిలబడి విన్న ఆ మతిమరుపు మనిషిని కూడా ఒక్కసారి తలుచుకోండి.